టెస్ట్ పైలట్ అవ్వాలంటే: చదువు, గంటలు, స్కూలు, అక్కడ అసలు నేర్పేది

మీరు మూడు సంగతులు అడిగారు. ఇంజనీరింగ్ చదువుతూ పైలట్ లైసెన్సు తీసుకుంటే టెస్ట్ పైలట్ (కొత్త విమానాలను, మార్పులు చేసిన విమానాలను ఎగిరి పరీక్షించే పైలట్) అవ్వడానికి సరిపోతుందా, సైన్యంలో చేరక తప్పదా, ఆ శిక్షణలో ఏం నేర్పుతారు. మొదటిదానికి జవాబు: సరిపోదు, కానీ మొదలుపెట్టిన చోటు సరైనదే. రెండోదానికి: తప్పదని కాదు, కానీ ఎక్కువమంది అటునుంచే వస్తారు. మూడోదానికి మాత్రం వివరంగా చెప్పాలి. అది తెలిస్తే మిగతా రెండిటికీ కారణాలు వాటంతటవే తెలుస్తాయి.

టెస్ట్ పైలట్ పని నేలమీదే మొదలవుతుంది. రేపటి పరీక్షలో ఏ వేగంలో, ఎంత ఎత్తులో, ఎంత బరువుతో, ఏం చేస్తే విమానం ఎలా స్పందించాలో ఇంజనీర్లతో కూర్చుని ముందే లెక్క కట్టి రాసుకుంటారు. ఎగిరాక ఆ లెక్కతో పోల్చి చూస్తారు. కలిస్తే తర్వాతి మెట్టు. కలవకపోతే అక్కడే ఆపేసి, కారణం తెలిసేదాకా ముందుకు కదలరు. అర్హతల జాబితాలో మీకు కనిపించే ప్రతి అంశం ఈ పద్ధతి కోసం పెట్టిందే.

చదువుతో మొదలుపెడదాం. ఏరోస్పేస్, మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, భౌతికశాస్త్రం, గణితం, వీటిలో ఏదో ఒక డిగ్రీని పెద్ద స్కూళ్లు దాదాపు తప్పనిసరిగా అడుగుతాయి. ఏ శాఖ అన్నదానికంటే గణితం చేతిలో ఎంత ఆడుతుందన్నది ముఖ్యం. విమానం ముక్కును కొద్దిగా కదిపి వదిలేస్తే అది కాసేపు ఊగి నిలకడకు వస్తుంది. స్ప్రింగుకు వేలాడదీసిన బరువు ఊగే సమీకరణమే ఇక్కడా పనిచేస్తుంది. ఎన్ని సెకన్లకు ఒక ఊపు, ఎన్ని ఊపులకు సగానికి తగ్గుతుంది అని గాల్లో గడియారం పట్టుకుని కొలిచి, దాన్నుంచి డ్యాంపింగ్ నిష్పత్తి (ఊపు ఎంత త్వరగా చల్లారుతుందో చెప్పే అంకె), సహజ పౌనఃపున్యం రాబట్టాలి. పైలట్ కదలికలను కంప్యూటర్ ద్వారా కంట్రోల్ పలకలకు పంపే ఫ్లై బై వైర్ విమానాలైతే ఫీడ్‌బ్యాక్ కంట్రోల్ సిద్ధాంతం రాకుండా ఇంజనీర్లు చెప్పేది అర్థం కాదు. మీరు ఇప్పుడు ఇంజనీరింగులో ఉన్నారు కాబట్టి కంట్రోల్ సిస్టమ్స్, వైబ్రేషన్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, స్టాటిస్టిక్స్ ఈ నాలుగూ పరీక్ష కోసం కాకుండా పని కోసం చదవండి. స్కూల్లో చేరాక వీటిని మొదటి నుంచి నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. పాత పాఠాన్ని కొన్ని వారాల్లో తిరగేసి ముందుకు వెళ్లిపోతారు.

ఇక గంటలు. యూరప్ విమానయాన భద్రతా సంస్థ నియమాల ప్రకారం ఫ్లైట్ టెస్ట్ రేటింగ్‌కు కమర్షియల్ పైలట్ లైసెన్సు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి ఎగిరే అర్హత), ఆ తరగతి విమానాల మీద కనీసం 1000 గంటలు ఉండాలి. అందులో కనీసం 400 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా ఎగిరి ఉండాలి. ఇది వాకిలి మాత్రమే. పోటీలో ఎంపికయ్యేవారి లాగ్‌బుక్కులో సాధారణంగా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇన్ని గంటలు ఎందుకంటే, విమానం నడపడం మీదే ధ్యాసంతా పోతే కొలవడానికి, గమనించడానికి, మాట్లాడటానికి మెదడులో చోటు మిగలదు. నడపడం చేతికి అలవాటైపోయి ఉండాలి.

గంటల సంఖ్య కంటే వాటిలోని వైవిధ్యాన్ని చూస్తారు. ఒకే రకం జెట్ మీద ఆటోపైలట్ పెట్టుకుని 3000 గంటలు ఎగిరినవారి కంటే, గ్లైడర్, తోక చక్రపు విమానం, ఏరోబాటిక్ విమానం, రెండింజన్ల విమానం, వీలైతే హెలికాప్టర్ రుచి చూసి 1500 గంటలు ఉన్నవారికి పోల్చడానికి ఎక్కువ సరుకు ఉంటుంది. "ఈ విమానంలో రడ్డర్ బరువుగా ఉంది" అనాలంటే, కాళ్లతో తొక్కి తిప్పే ఆ తోక పలక తేలికగా ఉంటే ఎలా ఉంటుందో కాళ్లకు తెలిసుండాలి కదా. ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చాలా ఉపయోగపడుతుంది. ఇతరుల తప్పులను గాల్లోనే గుర్తించి మాటల్లో చెప్పడం అక్కడే అలవాటవుతుంది. స్పిన్ (విమానం అదుపు తప్పి గిరగిరా తిరుగుతూ పడటం) శిక్షణ ఏరోబాటిక్ ఇన్‌స్ట్రక్టర్ దగ్గర పూర్తిగా చేయండి.

వైద్య అర్హత: ఫస్ట్ క్లాస్ మెడికల్. ఇంజనీరింగ్ అయ్యాక చూద్దాం అనుకోకుండా ఇప్పుడే ఒకసారి చేయించుకోండి. ఏదైనా ఇబ్బంది ఉంటే ఫ్లైట్ టెస్ట్ ఇంజనీర్ దారి వైపు ముందే మళ్లవచ్చు. దాని గురించి కింద చెబుతాను.

సైన్యమా, పౌర రంగమా అన్నదానికి వస్తే, ప్రపంచంలో గుర్తింపు ఉన్న స్కూళ్లు కొన్నే. బ్రిటన్‌లో బాస్కోంబ్ డౌన్‌లోని ఎంపైర్ టెస్ట్ పైలట్స్ స్కూల్ 1943లో మొదలైంది, ఈ తరహా స్కూళ్లలో అదే మొదటిది. అమెరికా వైమానిక దళానికి ఎడ్వర్డ్స్‌లో, నౌకాదళానికి ప్యాటక్సెంట్ రివర్‌లో స్కూళ్లున్నాయి. ఫ్రాన్స్‌కు ఇస్ట్ర్‌లో ఎప్నేర్, భారత వైమానిక దళానికి బెంగళూరులో టెస్ట్ పైలట్స్ స్కూల్ ఉన్నాయి. పౌరులు నేరుగా చేరగలిగేవాటిలో కాలిఫోర్నియా మొహావీలోని నేషనల్ టెస్ట్ పైలట్ స్కూల్, కెనడాలో ఒంటారియోలోని లండన్ నగరంలో ఉన్న ఇంటర్నేషనల్ టెస్ట్ పైలట్స్ స్కూల్ ముఖ్యమైనవి. పూర్తి కోర్సు అన్నిచోట్లా సుమారు ఏడాది ఉంటుంది. అన్ని రకాల విమానాలు, ఇంధనం, ఇన్‌స్ట్రక్టర్లు కలిసేసరికి ఖర్చు విపరీతంగా ఉంటుంది కాబట్టి సొంత డబ్బుతో చేరేవారు చాలా అరుదు. వైమానిక దళమో, విమాన తయారీ సంస్థో, ప్రభుత్వ నియంత్రణ సంస్థో పంపిస్తుంది. సైనిక దారి ఎక్కువగా కనిపించడానికి అసలు కారణం ఇదే. ఆ దారిలో ఒక మెలిక ఉంది. చాలా సైనిక స్కూళ్లలో సర్వీసు ఏళ్లకు పై హద్దు ఉంటుంది, అర్హత రాగానే దరఖాస్తు పెట్టకపోతే కిటికీ మూసుకుపోతుంది.

లైసెన్సు విషయంలో దేశానికో పద్ధతి. అమెరికాలో లైసెన్సు మీద టెస్ట్ పైలట్ రేటింగ్ అంటూ ఏదీ ఉండదు, ఉద్యోగం ఇచ్చేవారే స్కూలు పట్టా అడుగుతారు. యూరప్‌లో పరీక్షా ఫ్లైట్లను నాలుగు కేటగిరీలుగా విడదీశారు. కొత్త విమానం తొలిసారి ఎగరడం, ఎన్వలప్ (విమానం సురక్షితంగా ఎగరగల వేగం, ఎత్తు లాంటివాటి పరిధి) హద్దులను వెతకడం మొదటిది. అప్పటికే తెరిచిన ఎన్వలప్ లోపల చేసేవి రెండోది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రతి కొత్త విమానాన్నీ సరిచూడటం మూడోది. ఆమోదం పొందిన రకం మీద చిన్న మార్పులను పరీక్షించడం నాలుగోది. మొదటి కేటగిరీ పూర్తి కోర్సుకు సుమారు 10 నెలలు, 350 గంటల తరగతులు, 100 గంటల టెస్ట్ ఫ్లయింగ్ అని మార్గదర్శకాలు చెబుతాయి. రెండో కేటగిరీ కోర్సు కొన్ని వారాల్లో అయిపోతుంది. బయటి నుంచి వచ్చేవారికి మూడో, నాలుగో కేటగిరీ పనులు మంచి ప్రవేశ ద్వారం. వాటిని చిన్నచూపు చూడకండి, క్రమశిక్షణ అక్కడే పట్టుబడుతుంది.

ఇప్పుడు అసలు శిక్షణ. మొట్టమొదట నేర్పేది విమానం చెప్పే వేగాన్ని నమ్మకూడదని. వేగం, ఎత్తు కొలిచే పిటో గొట్టం, స్టాటిక్ రంధ్రాలు విమానం చుట్టూ వంగి పోయే గాలిలో ఉంటాయి కాబట్టి అవి చూపే పీడనంలో దోషం ఉంటుంది. ఆ దోషం ఎంతో తెలియకుండా కొలిచిన స్టాల్ వేగం (దానికంటే తగ్గితే రెక్క ఎత్తే బలం కోల్పోతుంది), పైకెక్కే రేటు అన్నీ తప్పులే. అందుకే టవర్ ఫ్లై బై చేస్తారు. తెలిసిన ఎత్తున్న టవర్ పక్కనుంచి నిలకడైన వేగంతో వెళ్తూ, టవర్ నుంచి కొలిచిన అసలు ఎత్తును ఆల్టిమీటర్ చూపే ఎత్తుతో పోలుస్తారు. నేలకు కనీసం ఒక రెక్కల పొడవంత పైన ఎగరాలి, లేకపోతే గ్రౌండ్ ఎఫెక్ట్ (నేల దగ్గర గాలి ప్రవాహం మారడం) కొలతను పాడుచేస్తుంది. జీపీఎస్ వచ్చాక వేరు వేరు దిశల్లో ఒకే వేగంతో ఎగిరి, గాలి వేగాన్ని లెక్కలో తీసేసే పద్ధతి కూడా వాడుతున్నారు. ఆ పద్ధతిలో అన్ని దిశల్లో ఎగిరేంతసేపూ గాలి మారకూడదు. పొద్దున్నే ఎగరడానికి ఒక కారణం అదే.

పెర్ఫార్మెన్స్ భాగంలో పైకెక్కే రేటును రంపం పళ్లలా ఎక్కుతూ దిగుతూ కొలుస్తారు. ఒకే ఎత్తు పరిధిలో వేర్వేరు వేగాలతో, గాలికి అడ్డంగా, ఎదురెదురు దిశల్లో రెండేసి సార్లు. ఎత్తుతో గాలి మారితే ఒక దిశలో రేటు ఎక్కువగా, ఇంకో దిశలో తక్కువగా కనిపిస్తుంది. రెండూ కలిపి సగటు తీస్తే ఆ దోషం పోతుంది. స్టాల్ పరీక్షలో వేగాన్ని సెకనుకు 1 నాట్ చొప్పున తగ్గిస్తారు. ఇంకా తొందరగా తగ్గిస్తే రెక్క మీద గాలి ప్రవాహం వెనకబడి, విమానం అసలు కంటే తక్కువ వేగంలో స్టాల్ అయినట్టు కనిపిస్తుంది. ఆ తప్పుడు సంఖ్య మీద ఆధారపడి ల్యాండింగ్ వేగాలు నిర్ణయమవుతాయి. గురుత్వ కేంద్రం ముందుకు ఉంటే స్టాల్ వేగం ఎక్కువ, వెనక్కి ఉంటే విమానం నిలకడ తక్కువ. కాబట్టి వేగాల కోసం ముందు హద్దులో, కోలుకునే తీరు కోసం వెనక హద్దులో విడివిడిగా చేయాలి.

రెండింజన్ల విమానం ఒక ఇంజన్ ఆగిపోయినా ఏ కనీస వేగం దాకా అదుపులో ఉంటుందో కొలవడం ఇంకా సున్నితమైన పని. భద్రత కోసం పైకి వెళ్తే అక్కడ ఇంజన్ బలం తగ్గి ఆ కనీస వేగమూ తగ్గుతుంది. స్టాల్ అయ్యేటప్పుడు పరికరం చూపే వేగం మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. అదుపు తప్పే వేగం కంటే ముందే స్టాల్ వచ్చేస్తుంది, ఒక పక్క పూర్తి బలంతో స్టాల్ అయితే నేరుగా స్పిన్‌లోకి పడుతుంది. అందుకని అక్కడిదాకా లాగకుండా కొన్ని ఎత్తుల్లో కొలిచి, మిగతాది లెక్కతో సాగదీస్తారు. ఎక్కడ కొలవాలి, ఎక్కడ లెక్కకు వదలాలి అన్న వివేకం నేర్పడమే ఈ పాఠం.

ఫ్లయింగ్ క్వాలిటీస్ భాగం నా దృష్టిలో కోర్సు గుండెకాయ. వైండప్ టర్న్‌లో వేగం మారకుండా కొద్దికొద్దిగా దిగుతూ, మలుపు బిగిస్తూ ఒక్కో జీకి (గురుత్వానికి ఎన్ని రెట్లన్న కొలత) స్టిక్ మీద ఎంత బలం కావాలో కొలుస్తారు. కొత్తవాళ్లు చేసే తప్పు తొందరగా బిగించడం. వేగం జారిపోతుంది, గ్రాఫు మీద చుక్కలు చెల్లాచెదరవుతాయి. రడ్డర్‌ను ఎడమకీ కుడికీ ఒక్కసారి తొక్కి వదిలేసి డచ్ రోల్ (ముక్కు, రెక్కలు కలిసి అటూ ఇటూ ఊగడం) చూసేటప్పుడు ఇంకో తప్పు: పాదాలో చేతులో కదలికను అడ్డుకోవడం. అప్పుడు కొలిచింది విమానాన్ని కాదు, విమానం, పైలట్ కలిసిన జోడీని. ఏ పరీక్షలో వదిలేయాలి, ఏ పరీక్షలో గట్టిగా పట్టి ఉంచాలి అన్నది టెస్ట్ కార్డు (పరీక్ష క్రమం రాసుకునే కాగితం) మీద ముందే రాసుండాలి.

అభిప్రాయాన్ని అంకెగా మార్చడానికి అమెరికా పరిశోధకులు కూపర్, హార్పర్ 1969లో ప్రచురించిన 1 నుంచి 10 దాకా ఉండే స్కేలు ఇప్పటికీ వాడతారు. అంకె నోటికి వచ్చినట్టు చెప్పకూడదు. కింది నుంచి ప్రశ్నలకు జవాబిస్తూ రావాలి. విమానం అదుపులో ఉందా? ఓర్చుకోగలిగిన శ్రమతో కనీసం సరిపడే ఫలితం వచ్చిందా? ఏ మార్పూ లేకుండానే తృప్తిగా ఉందా? ఎగిరే ముందే పని ఏమిటో, హద్దులేమిటో రాసుకోవాలి. ఉదాహరణకు ఎత్తు ±50 అడుగుల్లో నిలిస్తే కోరుకున్న ఫలితం, ±100 అడుగుల్లో ఉంటే సరిపడే ఫలితం. మధ్యస్థమైన శ్రమతో కోరుకున్నది సాధిస్తే 4. చాలా శ్రమపడినా సరిపడేంత వరకే వస్తే 5. ఈ రెండిటి మధ్య గీత చాలామందికి మొదట్లో దొరకదు. నైపుణ్యం ఉన్న పైలట్ ఎలాగోలా కోరుకున్నది సాధించి 2 ఇచ్చేస్తాడు, ఎంత కష్టపడ్డాడో గుర్తించడు. తన శ్రమను తానే బయటి నుంచి చూసుకోవడం నేర్చుకోవాలి. 3.5, 6.5 లాంటివి ఇవ్వకూడదు, అవి సరిగ్గా నిర్ణయం తీసుకోవాల్సిన గీత మీదే తప్పించుకోవడం. అంకె కంటే ముందు మాటలు చెప్పాలి: ఏం చేశాను, విమానం ఏం చేసింది, దాన్ని సరిదిద్దడానికి నేనేం చేశాను. అంకె ముందు చెబితే తర్వాతి మాటలన్నీ దాన్ని సమర్థించడానికే పుడతాయి.

పైలట్ సరిదిద్దే ప్రయత్నమే ఊగిసలాటను పెంచే స్థితిని అర్థం చేసుకోవడానికి, స్పందనను కంప్యూటర్‌తో మార్చగల వేరియబుల్ స్టెబిలిటీ విమానాలు వాడతారు. ఎడ్వర్డ్స్ స్కూల్లో మార్చిన ఎఫ్ 16 దానికే ఉంది. 1974 జనవరి 20న వైఎఫ్ 16 నమూనా వేగంగా రన్‌వే మీద పరుగు పరీక్షలో ఉండగా రోల్ కంట్రోల్ (విమానాన్ని పక్కలకు వాల్చేది) మరీ చురుకుగా ఉండటంతో అటూ ఇటూ ఊగి తోక పలక నేలకు తగిలింది. రన్‌వే మీద ఉంచడం కంటే ఎగరడమే సురక్షితమని పైలట్ ఫిల్ ఓస్ట్రికర్ పైకి లేపి, సుమారు 6 నిమిషాల తర్వాత దించాడు. ఆ రోజు ఎగరాలని ప్రణాళికే లేదు. పరుగు పరీక్షకు కూడా ఎగరడానికి సిద్ధమైనంత సన్నాహం ఎందుకో స్కూళ్లలో దీనితోనే చెబుతారు.

లెక్కకు, ఫలితానికి తేడా వచ్చినా ముందుకు వెళ్తే ఏమవుతుందో 2011 ఏప్రిల్ 2న అమెరికాలోని రోజ్‌వెల్‌లో జరిగిన గల్ఫ్‌స్ట్రీమ్ జీ650 వ్యాపార జెట్ ప్రమాదం చూపిస్తుంది. ఒక ఇంజన్ ఆగినట్టు నటిస్తూ టేకాఫ్ పరీక్ష చేస్తుండగా కుడి రెక్క స్టాల్ అయి నలుగురు చనిపోయారు. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు రెక్క, వారు అంచనా వేసినదానికంటే గాలికి తక్కువ కోణంలోనే స్టాల్ అయింది. స్టాల్ హెచ్చరిక కూడా ఆ తప్పు అంచనా మీదే అమర్చి ఉంది. అంతకుముందు రెండు పరీక్షల్లో విమానం తనంతట తాను పక్కకు వాలింది. అనుకున్న టేకాఫ్ వేగం కూడా పదే పదే దాటిపోయింది. అమెరికా రవాణా భద్రతా బోర్డు విచారణలో తేలింది: వేగాల లెక్క తప్పు, ముందు వచ్చిన వాలుడును సరిగా విచారించలేదు, అనుకున్న పెర్ఫార్మెన్స్ సాధించాలనే పట్టుదల పోలేదు. ఆపే అధికారం మీకుందని స్కూలు చెబుతుంది. షెడ్యూలు తరుముతున్న రోజున దాన్ని వాడే ధైర్యం మీరు తెచ్చుకోవాలి.

కొత్త విమానాల మీదే ప్రమాదం అనుకోకండి. 2008 నవంబర్ 27న ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్ దగ్గర, లీజు ముగిసి అప్పగించే ముందు తనిఖీలో ఉన్న ఎయిర్‌బస్ ఎ320 సముద్రంలో కూలి ఏడుగురు చనిపోయారు. కొన్ని రోజుల ముందు కడిగినప్పుడు యాంగిల్ ఆఫ్ అటాక్ (రెక్కకు గాలి తగిలే కోణం) సెన్సర్లలోకి నీరు చేరి, పైకి వెళ్లాక గడ్డకట్టింది. స్టాల్ కాకుండా ఆపే రక్షణ వ్యవస్థ పనిచేస్తుందన్న నమ్మకంతో తక్కువ వేగం పరీక్షను సుమారు 3000 అడుగుల్లోనే చేశారు, కోలుకోవడానికి ఎత్తు మిగల్లేదు. పరీక్షించే వ్యవస్థ పనిచేయకపోతే ఏం చేస్తాం అన్న ప్రశ్నకు కార్డు మీద జవాబు లేకుండా ఆ పరీక్ష మొదలుపెట్టకూడదు. మంచి కార్డులో మొదలయ్యే స్థితి, మెట్లు, ఆపాల్సిన హద్దులు, ఆపాక చేయాల్సింది ఇవన్నీ మోకాలి మీది ఒక్క కాగితంలో పడతాయి.

నివేదికల గురించి ఎవరూ ముందే చెప్పరు. కోర్సులో నిద్ర పోగొట్టేది ఎగరడం కాదు, రాయడం. "కంట్రోల్స్ బాగోలేవు" అంటే డిజైనర్‌కు ఏమీ ఉపయోగం లేదు. ఏ స్థితిలో, ఎంత బలం, ఎంత ఆలస్యం, దానివల్ల ఏ పని చెడింది, సరిచేయకపోతే సేవలోకి వెళ్లాక ఏమవుతుంది, ఇవి వరుసగా ఉండాలి. కోర్సు చివర్లో తెలియని విమానాన్ని కొద్దిపాటి ఫ్లైట్లలో అంచనా వేసి పూర్తి నివేదిక ఇవ్వాలి.

పైలట్ దారి కుదరకపోతే ఫ్లైట్ టెస్ట్ ఇంజనీర్. అదే స్కూళ్లలో, అవే తరగతుల్లో, పక్క సీట్లో. పరీక్షను రూపొందించేదీ, కంట్రోల్ రూమ్‌లో టెలిమెట్రీ (విమానం నుంచి రేడియోలో వచ్చే కొలతలు) చూస్తూ "ఆపండి" అనేదీ చాలాసార్లు వాళ్లే. ఫ్లటర్ (వేగం పెరిగినప్పుడు రెక్కలు, తోక తమంతట తాము కంపించడం) పరీక్షలో ఒక్కో వేగం మెట్టు దగ్గర నిర్మాణాన్ని కుదిపి, ఊగిసలాట ఎంత త్వరగా చల్లారుతుందో చూసి, తర్వాతి మెట్టుకు అనుమతి ఇచ్చేది నేలమీది ఇంజనీరే. మీ డిగ్రీతో నేరుగా చేరగలిగే దారి ఇదే, దీనిలో ఉంటూ సొంతంగా ఫ్లయింగ్ గంటలు పెంచుకోవచ్చు కూడా.

లైసెన్సు శిక్షణ మొదలయ్యాక ఒక చిన్న అభ్యాసం చేయండి, ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా, తగినంత ఎత్తులో, విమానం అనుమతించిన హద్దుల్లో. ముక్కు లేస్తూ దిగుతూ పొడవుగా నెమ్మదిగా సాగే ఫ్యూగాయిడ్ ఊపు కాలం సెకన్లలో సుమారు 0.45 ఇంటూ వేగం, వేగం సెకనుకు మీటర్లలో. 90 నాట్లంటే సెకనుకు 46 మీటర్లు, అంటే సుమారు 21 సెకన్లు. ఎగిరే ముందు ఈ సంఖ్య రాసుకోండి. గాల్లో విమానాన్ని ట్రిమ్ చేసి (చేయి తీసినా అదే వేగంలో నిలిచేలా సర్ది), పవర్ ముట్టుకోకుండా, ముక్కు మెల్లగా లేపి 10 నాట్లు తగ్గాక స్టిక్ వదిలేయండి. రెక్కలు వాలకుండా రడ్డర్‌తో మాత్రం చూసుకోండి. వేగం అతి తక్కువకు చేరిన క్షణం నుంచి మళ్లీ అతి తక్కువకు చేరేదాకా కొలవండి, మూడు ఊపులు. మీకు వచ్చే సంఖ్య 21 కంటే కాస్త ఎక్కువే ఉండవచ్చు. ఆ లెక్క ఘర్షణ లేని ఆదర్శ స్థితికి కట్టింది, అందులో ప్రొపెల్లర్ బలం వేగంతో మారడం లేదు, రెక్కకు గాలి తగిలే కోణం ఊపంతటా మారదని అనుకుంది. దిగాక అర పేజీ రాయండి: అంచనా, కొలత, తేడా, ఆ తేడాలో ఎంత మీ చేతిది, ఎంత విమానానిది.